ఉత్తరం మోయని స్టాంపులు



జనవరి 23న నేతాజీ సుభాష్ చంద్రబోస్ జయంతి. ఈ నెల జీవిత చరిత్ర పేజీకి ఆయన గురించి రాయమని ప్రిన్సిపాల్ గారు నాకు చెప్పారు. రాయడానికి కూర్చుంటే ముందుగా గుర్తొచ్చింది ఒక పాత పోస్టుకార్డు. మా పెద్దాపురం బ్రాంచిలో జరిగిన సంగతి అది. అందులో తప్పు నాదే. ముందు ఆ మాట చెప్పి, తర్వాత నేతాజీ దగ్గరికి వస్తాను. ఆయన జీవితం నాకు కొత్తగా అర్థమైంది ఆ కార్డు వల్లే.

చార్టుకి అతికించిన ముక్క

తొమ్మిదో తరగతికి రెండో ప్రపంచ యుద్ధం మీద ప్రాజెక్ట్ ఇచ్చాను. మీ ఇళ్ళల్లో ఆ కాలం నాటి స్టాంపు ఏదైనా ఉంటే తెచ్చుకోండి, క్లాసుకి ఒక కలెక్షన్ మొదలుపెడదాం అన్నాను. ఎక్కువమంది నెట్‌లో బొమ్మలు ప్రింట్ తీయించుకుని వచ్చారు. ఒక్క బాబు మాత్రం నిజం స్టాంపు తెచ్చాడు. కత్తెరతో నాలుగు వైపులా నీటుగా కత్తిరించిన ముక్క. రాజు తల బొమ్మ, బర్మా అని ఇంగ్లీషు అక్షరాలు, పైన నల్లటి పోస్టల్ ముద్ర సగం. నాకు భలే సంతోషం వేసింది. అక్కడికక్కడే వెనక గమ్ రాసి చార్టు మధ్యలో అతికించాను. పక్కన ఒక స్టార్ కూడా పెట్టాను. వెనక వైపు ఏముందో తిప్పి చూడలేదు.

తర్వాతి పేరెంట్స్ మీటింగుకి ఆ బాబు నాన్నమ్మగారు వచ్చారు. సంచిలోంచి మూల తెగిన పోస్టుకార్డు తీసి నా బల్ల మీద పెట్టారు. కోపంగా ఒక్క మాట కూడా అనలేదు. ఆ ముక్క తిరిగి దొరుకుతుందా అని మాత్రం అడిగారు. ఆ కార్డు వాళ్ళ అమ్మగారిదట. ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, 1941లో, వాళ్ళ నాన్న రంగం నుంచి రాశారట. అది వచ్చాక ఆయన దగ్గర్నుంచి ఇంకో ఉత్తరం రాలేదు. ఆయనా రాలేదు. ఆవిడ పోయేదాకా ఆ కార్డుని ట్రంకు పెట్టెలో పట్టుచీర మడతల్లో దాచుకున్నారట.

పోస్టుకార్డు ముందువైపు కుడిచేతి మూల స్టాంపు ఉంటుంది. తిప్పితే, సరిగ్గా దాని వెనక, ఉత్తరం మొదలయ్యే చోటు ఉంటుంది. చిరంజీవి అని మొదలుపెట్టి ఆ తండ్రి కూతుర్ని ముద్దుపేరుతో పిలిచిన చోటు అదే. నేను గమ్ రాసింది దాని మీద.

చార్టు కాగితాన్ని తడిపి నెమ్మదిగా విడదీశాం. సిరా అలుక్కుపోయింది. రెండు అక్షరాలు మిగిలాయి.

ఆ రోజు ఇంటికి వెళ్ళాక నేను ఆలోచనలో పడ్డాను. స్టాంపులు సేకరించమని పిల్లలకి చెప్పాను గానీ స్టాంపు అంటే ఏమిటో నాకే సరిగ్గా తెలియదు. ఆ తండ్రి ఎందుకు మళ్ళీ రాయలేకపోయాడు? రంగంలో ఆ తర్వాత ఏం జరిగింది? వెతుక్కుంటూ పోతే దారి నేతాజీ దగ్గర తేలింది. రంగూన్‌లో ప్రభుత్వం నడిపిన మన దేశస్థుడు ఆయన. ఆయన ప్రభుత్వం పేరుతో స్టాంపులు కూడా అచ్చయ్యాయి. వాటిలో ఒక్కటీ ఒక్క ఉత్తరాన్నీ మోయలేదు.

కటక్ నుంచి కేంబ్రిడ్జి

సుభాష్ 1897 జనవరి 23న కటక్‌లో పుట్టారు. తండ్రి జానకీనాథ్ బోస్ పేరున్న వకీలు. తల్లి ప్రభావతి. పద్నాలుగు మంది పిల్లల్లో సుభాష్ తొమ్మిదో వాడు. మొదట మిషనరీలు నడిపే ఇంగ్లీషు స్కూలు, ఆ తర్వాత రావెన్షా కాలేజియేట్ స్కూలు. 1913 మెట్రిక్యులేషన్‌లో రెండో ర్యాంకు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరితే, 1916లో ఓటెన్ అనే ఇంగ్లీషు ప్రొఫెసర్ మీద జరిగిన దాడి కేసులో కాలేజీ నుంచి పంపించేశారు. తర్వాత స్కాటిష్ చర్చి కాలేజీలో చేరి ఫిలాసఫీలో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నారు.

తండ్రి ఆయన్ని ఐసీఎస్ చదవడానికి 1919లో ఇంగ్లండ్ పంపారు. ఆ రోజుల్లో ఒక భారతీయుడికి దొరికే ఉద్యోగాల్లో అంతకు మించింది లేదు. కొన్ని నెలల చదువుతోనే 1920 పరీక్షలో సుభాష్ నాలుగో స్థానంలో నిలిచారు. అప్పుడు మొదలైంది అసలు పరీక్ష. రాజు పేరు మీద పనిచేసే ఉద్యోగంలో చేరాలా, మానాలా? నెలల తరబడి కేంబ్రిడ్జి నుంచి అన్నయ్య శరత్ చంద్రకు ఉత్తరాలు రాశారు. తండ్రి ఆశ పెట్టుకున్నారు. డబ్బు ఖర్చు పెట్టారు. ఆయన మనసు నొప్పిస్తున్నానన్న బాధ ఒకపక్క, చేరితే జీవితమంతా రాజీ పడాలన్న భయం ఒకపక్క. ఒక ఉత్తరం ఓడ మీద వెళ్ళి జవాబు వచ్చేసరికి వారాలు గడిచేవి. చివరికి 1921 ఏప్రిల్‌లో రాజీనామా ఇచ్చేశారు.

మన పిల్లల ర్యాంకుల గురించి మనం రోజూ మాట్లాడుకుంటాం, నేనూ మాట్లాడతాను. ఆ ఇంట్లో మాత్రం ర్యాంకు వచ్చాక కూడా మాట్లాడుకోవడం ఆగలేదు. కొడుకు అడుగుతూ ఉన్నాడు, అన్న వింటూ ఉన్నాడు. అవన్నీ ఉత్తరాల్లో మిగిలాయి కాబట్టే ఈ రోజు మనకు తెలుస్తున్నాయి.

మాండలే జైలు

తిరిగి వచ్చాక సుభాష్ దేశబంధు చిత్తరంజన్ దాస్ దగ్గర పనిలో చేరారు. 1924లో కలకత్తా కార్పొరేషన్‌కి చీఫ్ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ అయ్యారు. ఆ ఏడాది అక్టోబరులోనే విచారణ లేకుండా అరెస్టు చేసి, తర్వాత బర్మాలోని మాండలే జైలుకి పంపారు. 1927 వరకు అక్కడే. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి.

ఆ జైల్లో ఆయనకి ఇంటితో ఉన్న దారి ఉత్తరమే. రాసిన ప్రతి ఉత్తరాన్నీ, వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ సెన్సార్ అధికారి చదివేవాడు. స్టాంపు మీద ఉన్న రాజే ఆయన్ని జైల్లో పెట్టాడు. ఆ రాజు టపా లేకపోతే ఇంటి కబురు తెలియదు. ఈ సంగతి పిల్లలకి చెప్పినప్పుడు క్లాసంతా కాసేపు నిశ్శబ్దం అయింది. టపా ఎవరి చేతిలో ఉంటే మన మాట వాళ్ళ చేతిలో ఉన్నట్టే.

విడుదలయ్యాక 1930లో కలకత్తా మేయరు. మళ్ళీ జైళ్ళు. వైద్యం కోసం యూరప్ ప్రయాణం. 1938లో హరిపుర కాంగ్రెస్‌కి అధ్యక్షుడు.

మన పట్టాభిగారితో పోటీ

1939లో ఆయన రెండోసారి అధ్యక్ష పదవికి నిలబడ్డారు. ఎదురుగా నిలబడింది మన తెలుగాయనే. ఏలూరు దగ్గరి గుండుగొలనులో పుట్టి, బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు. గాంధీజీ మద్దతు పట్టాభిగారికే ఉంది. అయినా సుభాష్‌కి 1580 ఓట్లు వస్తే పట్టాభిగారికి 1377 వచ్చాయి. ఆ ఓటమిని గాంధీజీ తన ఓటమిగానే తీసుకున్నారు. వర్కింగ్ కమిటీ సభ్యులు తప్పుకోవడంతో పని సాగక, ఏప్రిల్‌లో సుభాష్ రాజీనామా చేశారు. తర్వాత ఫార్వర్డ్ బ్లాక్ పెట్టారు.

ఆ సెప్టెంబరులో యుద్ధం వచ్చింది. మన నాయకుల్ని అడగకుండానే వైస్రాయ్ భారతదేశం కూడా యుద్ధంలో ఉందని ప్రకటించాడు. 1940లో సుభాష్‌ని మళ్ళీ జైల్లో పెట్టారు. నిరాహారదీక్ష చేస్తే ఇంటికి పంపి, చుట్టూ పోలీసుల్ని కాపలా పెట్టారు. 1941 జనవరి 16 రాత్రి దాటాక, కలకత్తా ఎల్గిన్ రోడ్డు ఇంటి నుంచి పఠాన్ వేషంలో కారెక్కి వెళ్ళిపోయారు. కారు నడిపింది అన్న కొడుకు శిశిర్. గోమో స్టేషన్‌లో రైలెక్కి పెషావర్, అక్కడి నుంచి కాబూల్, మాస్కో మీదుగా ఏప్రిల్ మొదట్లో బెర్లిన్ చేరారు. చేతిలో ఉన్నది ఇటలీ పాస్‌పోర్టు, పేరు ఓర్లాండో మజొట్టా.

ఇక్కడ మన పిల్లలు తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. హిట్లర్ దగ్గరికి ఎందుకు వెళ్ళారు మేడమ్ అని. బ్రిటన్ శత్రువుతో చేతులు కలిపితే స్వాతంత్ర్యం త్వరగా వస్తుందని ఆయన లెక్క. ఆ లెక్క సరైనదా కాదా అన్నది అప్పుడూ వాదనే, ఇప్పుడూ వాదనే. నాజీలు చేసిన ఘోరాలు కూడా పిల్లలకి అదే పీరియడ్‌లో చెప్పాలి. మహనీయుల గురించి చెప్పేటప్పుడు కష్టమైన ప్రశ్నను దాటేస్తే పిల్లలకి తెలిసిపోతుంది.

బెర్లిన్‌లో అచ్చయిన స్టాంపులు

బెర్లిన్‌లో ఆయన ఫ్రీ ఇండియా సెంటర్ పెట్టారు. ఆజాద్ హింద్ రేడియో నడిపారు. జర్మనీకి బందీలుగా దొరికిన భారత సైనికులతో ఒక దళాన్ని తయారుచేశారు. అక్కడ ఆయన దగ్గర పనిచేసిన వాళ్ళలో మన హైదరాబాద్ యువకుడు ఆబిద్ హసన్ ఒకరు. ఇంజనీరింగ్ చదవడానికి జర్మనీ వెళ్ళిన ఆయన, చదువు పక్కన పెట్టి నేతాజీకి కార్యదర్శి అయ్యారు. ఒకరికొకరు ఎదురైతే ఏమని పలకరించుకోవాలన్న చర్చలో జైహింద్ అన్న పలకరింపు ఆయన దగ్గర నుంచే వచ్చిందని చెబుతారు.

1943లో బెర్లిన్‌లోని జర్మన్ ప్రభుత్వ ముద్రణాలయంలో ఆజాద్ హింద్ పేరుతో తపాలా స్టాంపులు అచ్చయ్యాయి. బొమ్మలు గీసింది ఆక్స్టర్-హాయిట్లాస్ అనే జర్మన్ చిత్రకార దంపతులు. నాగలి దున్నుతున్న రైతు, రాట్నం తిప్పుతున్న స్త్రీ, గాయపడిన సైనికుడికి సేవ చేస్తున్న నర్సు, భారతదేశ పటం మీద తెగిన సంకెళ్ళు, జెండా పట్టుకున్న సైనికులు. ధరలు మన అణాల్లో, రూపాయల్లో. రాజు తల ఉండే చోట రైతు వచ్చాడు. నేతాజీ బొమ్మ కూడా వాటి మీద లేదు.

యుద్ధం మధ్యలో స్టాంపులెందుకు? స్టాంపు అంటే డబ్బు ముట్టింది, ఈ కవరు చేర్చే బాధ్యత మాది అని ప్రభుత్వం ఇచ్చే రసీదు. ఇంటింటికీ వెళ్ళే ప్రభుత్వ సంతకం. సొంత స్టాంపు ఉందంటే ఆ నేల మీద మా మాట చెల్లుతుందని చెప్పుకోవడమే. అయితే స్టాంపు చెల్లాలంటే వెనక ఊళ్ళుండాలి, పోస్టాఫీసులుండాలి, సంచి మోసే మనిషుండాలి. కాగితాన్ని బెర్లిన్‌లో అచ్చు వేయొచ్చు. మిగతావి అచ్చులో దొరకవు.

ఇంకో ఉత్తరం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆస్ట్రియాకి చెందిన ఎమిలీ షెంకెల్‌తో ఆయన జీవితం పంచుకున్నారు. 1942 నవంబరులో వాళ్ళకి పాప పుట్టింది, పేరు అనిత. పాపకి మూడు నెలలు నిండకముందే, 1943 ఫిబ్రవరి 8న, ఆయన కీల్ రేవులో జర్మన్ జలాంతర్గామి ఎక్కారు. వెళ్ళేముందు అన్న శరత్ పేరు మీద బెంగాలీలో ఒక ఉత్తరం రాసి ఎమిలీ చేతిలో పెట్టారు. నాకు భార్య ఉంది, కూతురు ఉంది, నాకు ఏదైనా జరిగితే వాళ్ళని చూసుకో అని దాని సారాంశం. యుద్ధకాలంలో బెర్లిన్ నుంచి కలకత్తాకి అలాంటి ఉత్తరం పంపడానికి ఏ స్టాంపూ పనికిరాదు. యుద్ధం ముగిశాకే అన్నగారికి సంగతి తెలిసింది. 1948లో ఆయన భార్యాపిల్లలతో వియన్నా వెళ్ళి మరదల్నీ పాపనీ చూసి వచ్చారు. అప్పటికి తండ్రి లేడు.

రంగంలో రాజధాని

జలాంతర్గామిలో ఆయన వెంట ఉన్న భారతీయుడు ఆబిద్ హసన్ ఒక్కరే. ఆఫ్రికా చుట్టూ తిరిగి, ఏప్రిల్ చివర్లో మడగాస్కర్ దాపుల నడిసముద్రంలో రబ్బరు పడవ మీద జపాన్ జలాంతర్గామిలోకి మారారు. మే నెలలో సుమత్రా దగ్గర ఒడ్డుకి చేరారు. జులైలో సింగపూర్‌లో ఆజాద్ హింద్ ఫౌజ్ నాయకత్వం తీసుకున్నారు. 1943 అక్టోబర్ 21న తాత్కాలిక ప్రభుత్వం ప్రకటించారు. స్త్రీలతో ఝాన్సీ రాణి రెజిమెంట్ పెట్టారు. డిసెంబర్ 30న పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేశారు. కానీ అండమాన్‌లో అసలు పెత్తనం జపాన్ నౌకాదళానిదే. అక్కడి జనం ఆ సైన్యం చేతిలో చాలా బాధలు పడ్డారు.

1944 జనవరిలో ఆయన తన ప్రధాన కార్యాలయాన్ని రంగూన్‌కి మార్చారు.

మన గోదావరి జిల్లాల వాళ్ళకి రంగూన్ పరాయి ఊరు కాదు. పెద్దవాళ్ళు దాన్ని రంగం అనేవారు. కాకినాడ రేవులో పొగ ఓడ ఎక్కి, బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలికి వెళ్ళినవాళ్ళు వేలమంది. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారు. 1937 ఏప్రిల్ 1న బర్మాని ఇండియా నుంచి విడదీశారు. మొదట మన స్టాంపుల మీదే బర్మా అని అచ్చు వేసి వాడారు, 1938లో వాళ్ళకి వేరే స్టాంపులు వచ్చాయి. మా క్లాసు బాబు తెచ్చింది ఆ కాలానిదే.

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న ఊరు వాళ్ళ చేతికి పోయింది. ఏప్రిల్ 6న మన కాకినాడ మీద, విశాఖ మీద కూడా బాంబులు వేశారు. ఓడలు ఆగిపోయాయి. లక్షల మంది భారతీయులు అడవుల్లో, కొండల్లో నడుచుకుంటూ ఇండియా వైపు బయల్దేరారు. దారిలో జ్వరాలతో, ఆకలితో పోయినవాళ్ళు ఎందరో. ఉండిపోయినవాళ్ళకి ఇంటికి రాసే వీలు లేదు. బర్మాలో పాత రాజు స్టాంపుల మీదే నెమలి బొమ్మ అచ్చు కొట్టి వాడారు. కానీ ఆ స్టాంపు అంటించిన ఉత్తరం సామర్లకోట స్టేషన్ దాకా రాదు కదా. యుద్ధరేఖకి అటు ఒక టపా, ఇటు ఒక టపా. ఆ తండ్రి కార్డు తర్వాత ఇంకో కార్డు రాకపోవడానికి కారణం ఇదే.

నేతాజీ వచ్చేటప్పటికి రంగూన్‌లో మిగిలిన మనవాళ్ళు ఇలాంటివాళ్ళే. ఆయన సభల్లో మెడలో గొలుసులు తీసి ఇచ్చినవాళ్ళున్నారు, సైన్యంలో చేరినవాళ్ళున్నారు. ఏప్రిల్‌లో ఆజాద్ హింద్ బ్యాంకు తెరిచారు. సైన్యం ఇంఫాల్ వైపు కదిలింది. ఏప్రిల్ 14న మణిపూర్‌లోని మొయిరాంగ్‌లో జెండా ఎగిరింది. ఇంఫాల్ చేతికొచ్చి ఉంటే అక్కడి పోస్టాఫీసులో ఆజాద్ హింద్ స్టాంపు మీద మొదటి ముద్ర పడేదేమో. వర్షాలు ముంచుకొచ్చాయి. తిండి లేదు, మందులు లేవు. జులైలో వెనక్కి తగ్గారు. 1945 ఏప్రిల్ 24న నేతాజీ రంగూన్ వదిలారు. ఝాన్సీ రాణి రెజిమెంట్ అమ్మాయిల్ని వదిలి ముందు వెళ్ళడానికి ఒప్పుకోక, చాలా దూరం వాళ్ళతో పాటే నడిచారు.

1945 ఆగస్టు 18న తైపేలో విమానం కూలి, కాలిన గాయాలతో ఆయన చనిపోయారు. వయసు 48. దేశంలో చాలామంది నమ్మలేదు. మూడు విచారణ సంఘాలు వేశారు. మొదటి రెండూ విమాన ప్రమాదమే నిజమన్నాయి, మూడోది ఒప్పుకోలేదు. ఆయనవిగా చెప్పే అస్థికలు టోక్యోలోని రెంకోజి ఆలయంలో ఉన్నాయి.

బెర్లిన్ స్టాంపులు అలాగే ఉండిపోయాయి. ఇప్పుడు సేకరించేవాళ్ళ ఆల్బముల్లో కనిపిస్తాయి. పోస్టల్ ముద్ర లేదు, ఎవరి పేరూ లేదు, ఏ ఊరికీ వెళ్ళలేదు.

మూడున్నర అణాల జెండా

యుద్ధం గెలిచినందుకు బ్రిటిష్ ప్రభుత్వం 1946 జనవరి 2న ఇండియాలో నాలుగు విక్టరీ స్టాంపులు వేసింది. వాటి మీద ఆరో జార్జి రాజు. అప్పుడు ఢిల్లీ ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారుల మీద విచారణలు నడుస్తున్నాయి. వాళ్ళని విడిచిపెట్టమని దేశమంతా ఊరేగింపులు.

రెండేళ్ళు తిరక్కుండానే స్వాతంత్ర్యం వచ్చింది. 1947 నవంబర్ 21న స్వతంత్ర భారతదేశపు మొదటి స్టాంపు వచ్చింది. ధర మూడున్నర అణాలు. మీద మువ్వన్నెల జెండా. పక్కన దేవనాగరి అక్షరాల్లో రెండు మాటలు: జై హింద్. నేతాజీ సైన్యం పలకరింపు, ఒక హైదరాబాద్ కుర్రాడు బెర్లిన్‌లో ఇచ్చాడని చెప్పే పలకరింపు, మన మొదటి స్టాంపు మీదికి ఎక్కి ప్రతి ఊరికీ వెళ్ళింది. తర్వాత 1964 జనవరి 23న నేతాజీ బొమ్మతోనే స్టాంపులు వేశారు. 1968లో ఆజాద్ హింద్ ప్రభుత్వానికి పాతికేళ్ళయిన సందర్భంగా ఇంకొకటి.

మీ ఇంట్లో మొదలుపెట్టాలంటే

యుద్ధకాలం స్టాంపుల కలెక్షన్‌కి పెద్ద ఖర్చు అక్కర్లేదు. మన ఇళ్ళల్లో అటక మీద, భోషాణంలో, పాత దస్తావేజుల మధ్య అవి ఉంటాయి. నేను చేసిన తప్పు మీరు చేయకుండా కొన్ని మాటలు.

కత్తెర వద్దు. కార్డుని కార్డుగా, కవరుని కవరుగా ఉంచండి. ముద్ర మీద ఊరి పేరు, తేదీ ఉంటాయి. యుద్ధకాలం కవర్ల మీద సెన్సార్ వాళ్ళు తెరిచి మళ్ళీ అంటించిన చీటీ గానీ, సెన్సార్ ముద్ర గానీ ఉండొచ్చు. స్టాంపు కంటే అవే ఎక్కువ చెబుతాయి. విడిగా కత్తిరిస్తే అవన్నీ పోతాయి.

గమ్, సెల్లోటేప్, ల్యామినేషన్ వద్దు. తడి చేతులతో ముట్టుకోవద్దు. పారదర్శకంగా ఉండే కవర్లున్న ఆల్బమ్ కొని అందులో పెడితే రెండు వైపులా చదువుకోవచ్చు. నీళ్ళలో నానబెట్టి స్టాంపు ఊడదీయడం ఇప్పటి మామూలు కవర్లకే.

ముందు రెండు వైపులా ఫోటో తీయండి. పక్కనే నోట్‌బుక్‌లో పిల్లల చేత రాయించండి: ఎవరు రాశారు, ఎవరికి, ఎక్కడి నుంచి, అప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారు. ఇది నాన్నమ్మ, అమ్మమ్మ, తాతయ్య చెబితేనే తెలుస్తుంది. ఆ పక్కన కూర్చుని వినడమే ఈ హాబీలో సగం పని.

మొదట ఏం దొరుకుతాయంటే, ఆరో జార్జి తల బొమ్మతో అణాల స్టాంపులు. 1937 వరుసలో టపా మోసే మనిషి, ఎడ్లబండి, ఒంటె, రైలు, ఓడ, లారీ, విమానం కూడా ఉంటాయి. చిన్నపిల్లలకి ఇవి బాగా నచ్చుతాయి. మీ బంధువులు తెలంగాణ వైపు ఉంటే నిజాం రాజ్యం సొంత స్టాంపులు దొరకవచ్చు. ఆజాద్ హింద్ స్టాంపులని ఆన్‌లైన్‌లో ఎవరైనా అమ్ముతుంటే తొందరపడి డబ్బు పెట్టకండి, అనుభవం ఉన్న కలెక్టర్‌కి చూపించాకే కొనండి.

ఇంకొకటి. తపాలా శాఖ దీన్ దయాళ్ స్పర్శ్ యోజన పేరుతో స్టాంపులు సేకరించే 6 నుంచి 9 తరగతుల పిల్లలకి ఏడాదికి 6000 రూపాయల స్కాలర్‌షిప్ ఇస్తోంది. స్కూల్లో ఫిలాటెలీ క్లబ్ గానీ, పిల్లల పేరు మీద ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా గానీ ఉండాలి, మార్కులూ చూస్తారు. ఈ ఏడాది నిబంధనలు హెడ్ పోస్టాఫీసులో అడిగి తెలుసుకోండి.

మా క్లాసు ఆల్బమ్ మళ్ళీ మొదలుపెట్టాం. మొదటి పేజీలో ఆ కార్డు ఫోటో, తెగిన మూల ఫోటో పక్కపక్కనే ఉన్నాయి. అసలు కార్డు, ముక్క రెండూ నాన్నమ్మగారి ట్రంకు పెట్టెలోకి తిరిగి వెళ్ళిపోయాయి. అలుక్కుపోయిన చోట ఏం రాసి ఉండేదో ఆవిడ చెబితే బాబు ఫోటో కింద రాశాడు. ఆ ముద్దుపేరు ఇంతకు ముందు వాడికి తెలియదు. ఇప్పుడు వాళ్ళ చెల్లిని అదే పేరుతో పిలుస్తున్నాడట.

జనవరి 23 ఉదయం అసెంబ్లీలో పిల్లలు తమ ఇంటి పాత ఉత్తరాల గురించి మాట్లాడతారు. మీ పిల్లల చేత ఫోటో పంపిస్తే చాలు. అసలు ఉత్తరం మాత్రం ఇంట్లోనే ఉంచండి.